బండి ఎవరు నడిపారు

మా ఆడబిడ్డ ఫిడెల్మా లవెల్ చర్చిలో ఎప్పుడూ వెనక వరుసలోనే కూర్చుంటుంది. భక్తి తక్కువై కాదు. వెనక నుంచి చూస్తే అందరి మెడలూ భుజాలూ కనిపిస్తాయి. ఊపిరి తీసుకోవడానికి ఎవరు భుజాలు ఎగరేస్తున్నారో, మోకాళ్ళ మీంచి లేచేటప్పుడు ఎవరు ముందు బల్ల పట్టుకుంటున్నారో చూసుకుంటుంది. ఒకసారి ఎవరిదో పెళ్ళి విందులో కేకు కోస్తుండగా లేచి వెళ్ళి, పెళ్ళికొడుకు పెదనాన్నని అడిగింది.

"జార్లత్, నీ పెదాలు ఎన్నాళ్ళ నుంచి ఆ రంగులో ఉన్నాయి?"

"పుట్టినప్పటి నుంచీ. అనుమానమైతే ముద్దు పెట్టి చూడు," అన్నాడాయన.

బల్ల దగ్గర అందరూ నవ్వారు. ఫిడెల్మా నవ్వలేదు. సోమవారం ఫోను చేసింది, మంగళవారం మళ్ళీ చేసింది, బుధవారం తనే వెళ్ళి కారులో ఎక్కించుకుని డాక్టరు దగ్గర దింపింది. ఆయనకి గుండెలో కవాటం మార్చాల్సి వచ్చింది. ఇప్పటికీ బతికే ఉన్నాడు, ఇప్పటికీ అదే జోకు వేస్తాడు.

ఆమె మా ఆయన మాలకీకి అక్క, ఆరేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. మా పొలం అవతల గట్టు మీద చిన్న ఇల్లు ఆమెది. కౌంటీ ఆసుపత్రి క్యాజువాలిటీలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నర్సు. నేను పద్నాలుగో ఏట బడి మానేసినదాన్ని. ఆ ఆసుపత్రి గురించి నాకు తెలిసిందంతా ఆదివారం మధ్యాహ్నాలు మా వంటింట్లో ఆమె చెప్పగా విన్నదే. అదీ నిలబడే చెప్పేది. ఆమె కూర్చుని తిన్నది నేనెప్పుడూ చూడలేదు. పళ్ళెం చేతిలో పట్టుకుని, వీపు గోడకి ఆనించి, తలుపు వైపు చూస్తూ తింటుంది.

క్యాజువాలిటీలో తలుపు పక్కన ఒక చిన్న గది ఉంది. వచ్చిన ప్రతివాళ్ళనీ అక్కడి నర్సు అయిదు నిమిషాల పాటు చూసి, ఎవరు వెంటనే లోపలికి వెళ్ళాలో, ఎవరు ఆగొచ్చో తేల్చాలి. ఆ గదిలో కూర్చోవడమంటే ఫిడెల్మాకి భయం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క రోజు కూడా ఆ భయం తగ్గలేదంది.

"అరిచేవాళ్ళంటే నాకు దిగుల్లేదు డెల్యా. అరవడానికి ఊపిరి ఉండాలిగా. మూలన కూర్చుని, నాకేం తొందర లేదు తల్లీ, ముందు ఆ పిల్లాణ్ణి చూడు అంటారే, వాళ్ళంటేనే నాకు భయం."

మా వైపు మనుషులంతా ఆ రెండో రకమే. కాలు విరిగినా కాస్త బెణికిందంటారు. ఎలా ఉన్నావంటే బాగున్నాననడం మాకు మర్యాద. బాగా లేనని చెప్పడం ఎదుటివాళ్ళ నెత్తిన బరువు పెట్టడం.

డ్యూటీ దిగి వచ్చాక ఆమె మా వాకిట్లో కారు ఆపి, అందులోనే పది నిమిషాలు కూర్చునేది. ఒక్కోసారి లోపలికొచ్చి కోటు కూడా విప్పకుండా ఆసుపత్రికి ఫోను చేసేది. "నీలం కోటు ఆవిడ, చూపించుకోకుండా వెళ్ళిపోయింది చూడు, మళ్ళీ వచ్చిందా? ఇంటికి ఫోను చేశారా?" అవతల ఏం చెప్పేవారో కానీ, ఫోను పెట్టేశాక కూడా ఆమె చెయ్యి దాని మీదే ఉండేది.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఆమె గురించి చెప్పినట్టు కాదు. ఆమె ఎవరికీ సిఫార్సు చేయదు. మా ఊళ్ళో అది చిన్న విషయం కాదు. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు. రోడ్డు ఆఫీసులో బావమరిది, బ్యాంకులో మేనకోడలు, ఆసుపత్రిలో ఫిడెల్మా. ఎంతమంది అడిగారో. చర్చి ఫాదర్ కూడా అడిగాడు, తన వంటావిడ కోసం. ఆమె అందరికీ ఒకటే జవాబు చెప్పేది: "టీ తెచ్చిస్తాను. దుప్పటి తెచ్చిస్తాను. వరుస మాత్రం వరుసే." సొంత తల్లికి మణికట్టు విరిగితే అయిదు గంటలు బయట కూర్చోబెట్టింది. ముసలావిడ ఆ అయిదు గంటల్లో నాలుగు కప్పుల టీ తాగింది, చచ్చేదాకా ఆ కథ చెప్పింది.

మాలకీకి అదంటే ఎంత గర్వమో. గొర్రెల సంతలో నిలబడి చెప్పేవాడు. "మీరంతా మూడు గంటలు ఆగితే చాలు. లవెల్‌ ఇంటివాళ్ళమైతే ఆరు గంటలు ఆగాలి."

కిందటి ఫిబ్రవరిలో ఒక సోమవారం. గొర్రెలు ఈనే కాలం. పొద్దున ఎనిమిదిన్నరకి నేను గిన్నెలు కడుగుతుంటే మాలకీ పెరటి తలుపులోంచి వచ్చాడు. బూట్లు విప్పలేదు. కూర్చోలేదు. వచ్చి నా పక్కన సింకు అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"దాణా తొట్టి ఎత్తుతుంటే వీపులో ఏదో పట్టేసింది," అన్నాడు.

మొహం కొవ్వొత్తి రంగులో ఉంది. పై పెదవి మీద చెమట. ఏమైనా తాగుతావా అంటే వద్దన్నాడు. మేకుకి తగిలించిన కారు తాళాలు తీసి, నా ముందు బల్ల మీద పెట్టాడు. గొర్రె చెవికి వేసే పసుపు బిళ్ళకి కట్టిన తాళాలు.

"నువ్వు నడుపు," అన్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన పక్కనుండగా నేను కారు నడపలేదు. శవం బండి వెనక పోతున్నట్టు నడుపుతానని వెక్కిరించేవాడు. మా తమ్ముడి పెళ్ళికి వెళ్ళినప్పుడు నూట రెండు జ్వరంతో కూడా తనే నడిపాడు. ఆ తాళాలు చూసేసరికి నాకు భయమేసింది. ఆయనకి చెప్పలేదు. కోటు తెచ్చుకున్నాను.

దారిలో ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "మూడో గేరు కూడా ఉంటుంది," అన్నాడొకసారి. ఊరు దగ్గరపడ్డాక కళ్ళు తెరిచి, "ఫిడెల్మా పేరు ఎత్తకు," అన్నాడు.

"ఆమె అక్కడే ఉంటుంది కదా."

"అందుకే. మావాడని నోరు తెరిచిందంటే ముప్ఫై ఏళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. ఏదో కండరం. వరుసలో కూర్చుంటాం."

సరేనన్నాను.

పదీ పదికి ఆ చిన్న గదిలోకి పిలిచారు. షైనీ అనే అమ్మాయి ఉంది. కేరళ నుంచి వచ్చి అప్పటికి అయిదు నెలలు. మంచి పిల్ల. చేతులు వెచ్చగా చేసుకుని మరీ ముట్టుకుంది. ఒక చేతికి రక్తపోటు చూసింది, ఈసీజీ తీయించింది. ఈసీజీలో తేడా ఏమీ లేదు.

"నొప్పి పదికి ఎంత ఉంది సార్? పదంటే భరించలేనంత."

"రెండు," అన్నాడు మాలకీ.

"రెండేనా?"

"రెండున్నర వేసుకో తల్లీ. నిన్ను నొప్పించడం ఎందుకు."

ఆ అమ్మాయి నవ్వి, రెండని రాసింది. రెండంటే రెండని అనుకుంది. పొద్దున ఆ సింకు అంచు మీద ఆయన వేళ్ళు ఎలా తెల్లబడ్డాయో ఆమె చూడలేదు. తరవాత నా వైపు తిరిగి, "మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా మేడమ్?" అని అడిగింది.

తాళాలు నా గుప్పిట్లో ఉన్నాయి. లేదన్నాను.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బరువెత్తితే వీపు నొప్పి, ఈసీజీ బాగుంది. ఆగొచ్చు అన్న వరుసలో పడ్డాడు. ఆ వరుసలో ఉన్నవాళ్ళని గంట గంటకీ నర్సు బయటికొచ్చి మళ్ళీ చూడాలట. పదకొండుకి షైనీ వచ్చి చూసింది. "ఎలా ఉంది సార్?" "బాగుంది." పన్నెండుకి ఒక ప్రమాదం కేసు వచ్చింది. షైనీని లోపలికి లాక్కున్నారు. ఆ రోజు ఇద్దరు నర్సులు జ్వరంతో రాలేదు. వార్డుల్లో మంచాలు ఖాళీ లేక, పడుకోబెట్టాల్సిన ముప్ఫై నాలుగు మంది చక్రాల మంచాల మీద నడవలోనే ఉన్నారు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: ఆ చిన్న గది తలుపు తెరిచే ఉంది, లోపల కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ రోజు ఫ్లోరంతా ఫిడెల్మా చేతిలో ఉంది. లోపలి తలుపులు రెండూ ఊగినప్పుడల్లా క్షణం సేపు కనిపించేది. చేతిలో ఫోను, చంకలో కాగితాలు, నడవలో మంచాల మధ్య పక్కకి తిరిగి నడుస్తూ. ఆమె కనిపించినప్పుడల్లా మాలకీ టోపీ కిందికి లాక్కునేవాడు. నేను తల వంచుకునేదాన్ని. దొంగల్లా కూర్చున్నాం.

పక్కన చేతికి కట్టు కట్టుకున్న ఒక పెద్ద గొంతు మనిషి ఉన్నాడు. రంపం కోసిందట. "నేను తొమ్మిదింటికి వచ్చాను. ఇక్కడ చచ్చిపోతే ముందు చూస్తారనుకుంటా," అని అందరికీ వినపడేలా అంటున్నాడు. ఒకావిడ, "చచ్చినా వరుసే నాయనా. పైన స్వర్గంలో పీటర్ గారి గేటు దగ్గర కూడా టోకెనే," అంది. నవ్వారు. మాలకీ కూడా నవ్వబోయి ఆగిపోయాడు.

పన్నెండున్నరకి కడుపుతో ఉన్న పిల్ల ఒకతె వస్తే, ఆయన లేచి కుర్చీ ఇచ్చాడు. ఆ తరవాత గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను లేచి నా కుర్చీలో కూర్చోమన్నాను. కూర్చోలేదు. కూర్చుంటే నొప్పి ఎక్కువని చెప్పడానికి బదులు, "నడుం సాగుతుందిలే," అన్నాడు.

రెండు దాటాక ఒక్కసారి ఒంట్లో ఏదో తెగినట్టు ఒణికాడు. నొప్పి వీపు నుంచి కడుపులోకి దిగిందన్నాడు. ఎడమ కాలు తిమ్మిరెక్కిందన్నాడు. అంత వివరంగా ఆయన తన ఒంటి గురించి ఎప్పుడూ చెప్పలేదు. అద్దం కిటికీ దగ్గరికి వెళ్ళాను. లోపల గుమాస్తా అమ్మాయి తల ఎత్తింది.

"ఆయన పేరు లవెల్. ఇంకా ఎంతసేపు?"

"ముందు పంతొమ్మిది మంది ఉన్నారమ్మా. లోపల పడుకోబెట్టడానికి మంచం కూడా లేదు. ఆయనకేమైనా తేడా వచ్చిందా? తేడా ఉంటే చెప్పండి, నర్సుని పిలుస్తాను."

వెనక్కి తిరిగి చూశాను. మాలకీ నా వైపే చూస్తూ, వద్దని తల అడ్డంగా ఊపాడు.

"కొంచెం," అన్నాను.

"చెబుతాను," అందా అమ్మాయి. చెప్పే ఉంటుంది. కొంచెం అన్న మాట మోసుకుని ముప్ఫై నాలుగు మంచాలు దాటి ఎవరి దగ్గరికి వెళ్తుంది.

మూడూ పదికి లోపలి తలుపు పూర్తిగా తెరుచుకుంది. పేరు పిలవడానికి వేరే ఎవరూ లేక ఫిడెల్మాయే బయటికి వచ్చింది. కాగితం చూసి ఎవరి పేరో సగం పిలిచి ఆగింది. ఆమె ముందు చూసింది మాలకీని కాదు, నన్ను. నా మొహం కూడా కాదు, నా చేతిని. గుప్పిట్లోంచి ఆ పసుపు బిళ్ళ వేలాడుతోంది.

దగ్గరికి వచ్చింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"డెల్యా, బండి ఎవరు నడిపారు?"

"నేనే."

"వాడు పక్క సీట్లో కూర్చున్నాడా?"

"తనే తాళాలు ఇచ్చాడు."

అంతే. ఎక్కడ నొప్పి, పదికి ఎంత, ఏమీ అడగలేదు. ఆమె మొహంలో రక్తం ఎలా దిగిపోయిందో నేను చూశాను. పెళ్ళి విందుల్లో, చర్చిలో, సంతలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎలాంటి మనిషి కోసం వెతికిందో, ఆ మనిషి అయిదు గంటలుగా తన వెయిటింగ్ రూములోనే ఉన్నాడు, గోడకి ఆనుకుని.

మాలకీ టోపీ కింద నుంచి, "నువ్వెళ్ళు. నేను వరుసలో ఉన్నాను," అన్నాడు.

"నోరు ముయ్యి," అంది ఫిడెల్మా. చక్రాల కుర్చీ లాక్కొచ్చి అందులో కూర్చోబెట్టింది.

పెద్ద గొంతు మనిషి లేచి నిలబడ్డాడు. "ఓహో. మీవాడా. ఇంకేం, మన ఫిడెల్మా కూడా సిఫార్సులు మొదలెట్టిందన్నమాట. మేమంతా ఎడ్డివాళ్ళం."

ఆమె కుర్చీ తోస్తూనే తల తిప్పింది. "అవును. సిఫార్సే. ఫిర్యాదు రాసి ఇవ్వు, సంతకం పెడతాను."

లోపల మంచం లేదు. ప్లాస్టర్లు వేసే గదిలో సామాను నేల మీదికి దించి అక్కడ పడుకోబెట్టారు. రెండో చేతికి రక్తపోటు చూశారు. రెండు చేతుల్లోనూ ఒకటే ఉండాలట. చాలా తేడా ఉంది. కుర్ర డాక్టరు ఆ అంకెలు చూసి, మళ్ళీ చూసి, ఫిడెల్మా వైపు చూశాడు. అప్పటి నుంచీ అందరూ పరుగే. స్కాన్ తీశారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చీలిపోయింది, చీలిక కిందికి పాకుతోంది అని చెప్పారు. వెంటనే కోసి కుట్టాలి. కుట్టే డాక్టర్లు డబ్లిన్‌లో ఉన్నారు. రోడ్డు మీద మూడు గంటలు. హెలికాప్టర్‌కి మంచు అడ్డం.

డబ్లిన్‌లో ఆపరేషన్ తరవాత పెట్టడానికి మంచం ఖాళీ లేదన్నారు. మంచం ఉందని అక్కడ రాసుకుంటే తప్ప ఇక్కడ అంబులెన్స్ కదలకూడదు. ఫిడెల్మా ఫోను పట్టుకుని గోడకి నుదురు ఆనించి మాట్లాడింది. ఆమె గొంతు ఎప్పుడూ పెరగదు. ఆ రోజూ పెరగలేదు.

"నేను మంచం అడగడం లేదు సార్. ఆపరేషన్ బల్ల అడుగుతున్నాను. బల్ల మీంచి దిగేదాకా మనిషి ఉంటే, అప్పుడు మంచం సంగతి మాట్లాడుకుందాం." మళ్ళీ విన్నది. "లేదు. ఆగుతాను. ఆగడం మాకు బాగా వచ్చు."

గంటా పది నిమిషాలు పట్టింది. ఆ గంటా పది నిమిషాలూ నేను మాలకీ పాదాలు పట్టుకుని కూర్చున్నాను. ఎడమ పాదం చల్లగా ఉంది. ఎంత రుద్దినా వెచ్చబడలేదు. గోడ గడియారం ముల్లు కదిలినప్పుడల్లా ఆయన గుండెకేసి చూశాను, లేస్తోందా లేదా అని.

అంబులెన్స్ వెంట డాక్టరూ, ఒక నర్సూ వెళ్ళాలి. ఫిడెల్మా వెళ్ళడానికి వీల్లేదు. ఫ్లోరు ఆమె చేతిలో ఉంది, ఆమె పోతే ఆ ముప్ఫై నాలుగు మందినీ చూసేవాళ్ళు లేరు. షైనీ తను వెళ్తానంది. ఫిడెల్మా తన కోటు తెచ్చి ఆమెకి తొడిగింది.

మంచం బయటికి తోస్తుండగా మాలకీ కళ్ళు తెరిచాడు. "ఎంతమందిని దాటించావు నన్ను?"

"పంతొమ్మిది."

"అమ్మ ఉంటే చంపేది నిన్ను."

"చంపేది," అంది ఫిడెల్మా. ఆయన టోపీ తీసి, నుదుటి మీద చెయ్యి పెట్టింది, జ్వరం చూస్తున్నట్టు. అప్పుడు ఎవరో లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. చెయ్యి తీసి, టోపీ నాకిచ్చి లోపలికి వెళ్ళింది.

డబ్లిన్‌కి ఇంకా గంట దారి ఉండగా మాలకీ పోయాడు. నేను ముందు సీట్లో ఉన్నాను. ఆ సంగతి ఇక్కడ రాయను. ఇది ఫిడెల్మా గురించి.

మూడు రోజులు మా ఇంట్లో ఆమే టీ పోసింది. వచ్చినవాళ్ళు వరుసగా శవపేటిక దగ్గరికి వచ్చి, మాతో చేతులు కలిపి, ఒక మాట చెప్పి, హామ్ శాండ్‌విచ్‌లు తిని వెళ్తున్నారు. రెండో రోజు చేతికి కట్టుతో ఆ పెద్ద గొంతు మనిషి వచ్చాడు. రేడియోలో చావు వార్తల్లో పేరు విన్నాడట. ఫిడెల్మా ముందు నిలబడి, బాగున్న చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని, రెండో చేతి కట్టు విప్పి చూసి, "కుట్లు వచ్చే శుక్రవారం తీయించుకో. ఆలస్యం చెయ్యకు," అంది.

రెండు వారాల తరవాత ఆసుపత్రి నుంచి కాటల్ టిమ్మన్స్ అనే పై అధికారి ఆమె ఇంటికి వచ్చాడు. ఆ సమయంలో నేను అక్కడే ఉన్నాను. చెడ్డవాడేం కాదు. కళ్ళ కింద నలుపు చూస్తే ఆయనకీ నిద్ర లేదని తెలుస్తోంది. జరిగినదాని మీద రాసిన కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఇక్కడ ఒక్క వాక్యం ఫిడెల్మా. నిరీక్షణ సమయంలో రోగి పరిస్థితి నిలకడగా ఉంది, అని."

"నిలకడగా ఉందని ఎవరు చూశారు?"

"లేదని కూడా ఎవరూ రాయలేదు కదా. ఆ మాట నిన్ను కాపాడటానికే. ఆ కేరళ అమ్మాయిని కూడా. రేపు విచారణలో అడిగితే..."

"కుర్చీ ఖాళీగా ఉంది కాటల్," అందామె. ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన గిన్నెలోని చక్కెర వైపు చూశాడు. ఆమె ఆ వాక్యం కొట్టేసి, పక్కన తన చేత్తో రాసింది: "పన్నెండు నుంచి మూడూ పది దాకా వెయిటింగ్ రూములో ఎవరినీ ఎవరూ చూడలేదు. ఆ రోజు బాధ్యత నాది. నర్సు షైనీని లోపలికి పిలిచింది నేను." కింద సంతకం పెట్టింది.

ఆ సంతకం తరవాత ఎనిమిది నెలలు భయంతో గడిచాయి. నర్సుగా ఆమె పేరు జాబితాలోంచి కొట్టేస్తారేమో అని నేను భయపడ్డాను. తనని తిరిగి పంపేస్తారేమో అని షైనీ ఏడ్చింది. ఆఫీసు నుంచి వచ్చిన ప్రతి గోధుమరంగు కవరూ ఫిడెల్మా ముందు నా చేత విప్పించేది. ఒక ఆదివారం అడిగాను, తీసేస్తారని భయమా అని.

"తీసేస్తే నిద్రపోతాను డెల్యా. ఉంచుతారేమో అని భయం."

ఉంచారు. ఏ ఒక్కరి తప్పూ కాదని ఉత్తరం వచ్చింది. ఆమె అది చదివి, మడిచి, టీ పాట్ కింద పెట్టింది.

ఆమె తిరిగి ఆ చిన్న గదిలోనే కూర్చుంటానని అడిగి మరీ వెళ్ళింది. వచ్చినవాళ్ళని మొదట అడిగే ప్రశ్న మార్చేసింది. ఎలా ఉన్నావని అడగదు. బండి ఎవరు నడిపారు అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఫారంలో చేర్చమని పైవాళ్ళకి రాసింది. ఫారం మార్చాలంటే కమిటీ కూర్చోవాలట, అది వచ్చే ఏడు కూర్చుంటుందట. అందాకా ఒక కాగితం మీద రాసి గోడకి అంటించింది. అనుమతి లేని కాగితాలు గోడ మీద ఉండకూడదని తీసేశారు. మళ్ళీ అంటించింది. మళ్ళీ తీసేశారు. ఇప్పుడు గోడ మీద ఏమీ లేదు, జిగురు మచ్చ తప్ప.

వచ్చే ఏడు ఆమెకి అరవై అయిదు. తప్పనిసరిగా ఉద్యోగంలోంచి దిగిపోవాలి. ఆ మాట వచ్చినప్పుడల్లా పళ్ళెం కింద పెట్టేస్తుంది.

కిందటి నెల కెటిల్ జారి నా చెయ్యి కాలింది. చిన్నదే. కానీ ఫిడెల్మా ఊరుకోదని వెళ్ళాను. ఒక్కదాన్నే నడుపుకుంటూ వెళ్ళాను. ఆ కుర్చీల్లో కూర్చోవడం ఆ రోజు తరవాత అదే మొదటిసారి. గోడ వైపు చూడకుండా నేల చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఫిడెల్మాకి సెలవు. చిన్న గదిలో షైనీ ఉంది. తలుపు ఓరగా ఉంది. లోపల గాకన్ అనే ముసలాయన, ఆయన భార్య.

"ఛాతీలో కాస్త మంటమ్మా. ఉల్లిపాయలు తిన్నాను. నా వెనకవాళ్ళని చూడు ముందు."

షైనీ గొంతు వినిపించింది. ఇప్పుడు ఆమె మాటలో కొంచెం మా యాస వచ్చింది.

"బండి ఎవరు నడిపారు మిస్టర్ గాకన్?"

"అదెందుకు నీకు? లైసెన్సు చూస్తావా?" నవ్వాడాయన.

భార్య నవ్వలేదు. నా చెయ్యి మంట నాకు తెలియకుండా పోయింది. చెప్పు, చెప్పు అని లోపల అనుకుంటున్నాను.

"నేను," అందావిడ. "నలభై ఏళ్ళలో ఎప్పుడూ ఇవ్వలేదు."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. షైనీ కలం పెట్టేసి లేచింది. ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ నా ముందు నుంచే లోపలికి తీసుకుపోయింది. భార్య వెనకే పరుగెత్తింది. ఆవిడ గుప్పిట్లో తాళాలు ఉన్నాయి. తలుపులు ఊగి, ఊగి ఆగాయి.

ఆయనకి ఏమైందో నాకు తెలియదు. ఫిడెల్మాని అడిగితే చెప్పదు, రోగుల సంగతి ఆమె బయట పెట్టదు. మా కౌంటీ రేడియోలో రోజూ సాయంత్రం వార్తల తరవాత పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఆ వారమంతా నేను పొయ్యి కట్టేసి, రేడియో దగ్గర నిలబడి విన్నాను. గాకన్ అన్న పేరు రాలేదు. ఇప్పటికీ ఆ సమయానికి రేడియో గొంతు పెంచి వింటున్నాను.